మొదటి రాట మీద చెయ్యి

మా లాకులపాలెంలో పెళ్ళయినా చావయినా మొదటి కబురు వెళ్ళేది వెంకటకృష్ణారావు గారి సప్లయ్ షాపుకే. పురోహితుడికి, పాస్టరు గారికి, మౌల్వీ సాబుకి ఆ తర్వాత. ఉయ్యూరు నుంచి చల్లపల్లి పోయే బస్సు మా కాలువ వంతెన దగ్గర ఆగితే, దిగినవాడికి ఎదురుగా కనపడేది ఆ రేకుల షెడ్డే. బయట బోర్లించిన గుండిగలు, లోపల మడతలు పెట్టిన షామియానాలు, గోడవారగా పేర్చిన ఇనుప కుర్చీలు, మూలన సరుగుడు రాటల మోపు. షాపుకి బోర్డు లేదు. అవసరం పడలేదు. ఊళ్ళో నలుగురు కృష్ణారావులుంటే ఈయన్ని సప్లయ్ కృష్ణారావు అనేవాళ్ళు. ఎమ్మెల్యే అయ్యాక కూడా ముసలివాళ్ళు ఆ పేరుతోనే పిలిచేవాళ్ళు. ఆయన పలికేవాడు.

నేను ఆయన దగ్గర పదిహేడేళ్ళు పనిచేశాను. బెజవాడలో బీయే చదివి, ఉద్యోగం దొరక్క ఊరికొచ్చి, ఏ ఇంటికి ఎన్ని కుర్చీలు వెళ్ళాయో రాసే పనిలో చేరాను. ఆయన ఎమ్మెల్యే అయితే నేను పీఏనయ్యాను. చెయ్యి అదే, కాగితాలు మారాయి. వాటిలో ఒక కాగితం నన్ను ఇప్పటికీ వదల్లేదు.

షాపు ఆయనా, కాశిం భాయీ కలిసి పెట్టారు. ఇద్దరూ ఒకే బళ్ళో, ఒకే తరగతిలో చదువు మానేసినవాళ్ళు. బయట తిరిగే పని కృష్ణారావు గారిది, గుడ్డ పని కాశిం భాయిది. చిరిగిన షామియానాని కుట్టు కనపడకుండా కలిపేవాడు. రాటలు పాతే పని లాజరుది. పేటలో చర్చి వెనకాల ఇల్లు. నేలని మడమతో రెండుసార్లు తొక్కి చూసి గుంట ఎంత లోతు పడాలో చెప్పేసేవాడు. వరి కోసిన చేనుకి ఒక కొలత, చెరుకు తోట గట్టుకి ఒక కొలత, కాలవ ఒడ్డుకి ఒక కొలత. ఇరవై ఏళ్ళలో అతను పాతిన రాట ఒరిగిందని ఎవరూ వచ్చి చెప్పలేదు.

షాపుకి రెండు కట్టుబాట్లుండేవి. చావింటికి అడక్కుండానే టెంటు వెళ్ళాలి, అద్దె మాట ఎత్తకూడదు. ఇది మొదటిది. ఎక్కడయినా సరే, మొదటి రాట మీద యజమాని అరచెయ్యి పడి, "ఎత్తు" అన్నాకే రాట లేవాలి. ఇది రెండోది. షాపు పెట్టిన కొత్తల్లో కూచిపూడి దగ్గర ఒక పెళ్ళిపందిట్లో కూలివాడికి పైన వైరు తగిలి, చావు తప్పి బయటపడ్డాడట. అప్పట్నించీ కృష్ణారావు గారు తనే సైకిలేసుకుని సబ్‌స్టేషన్‌కి వెళ్ళి, కరెంటు తీయించి, తిరిగొచ్చి రాట మీద చెయ్యి వేసేవారు. ఏళ్ళు గడిచేసరికి జనం దీన్ని ఇంకోలా అర్థం చేసుకున్నారు. సప్లయ్ కృష్ణారావు చెయ్యి మంచిదనీ, ఆయన చెయ్యి పడిన పందిట్లో పెళ్ళి నిలబడుతుందనీ అనుకోవడం మొదలెట్టారు. ఆడపిల్లల తండ్రులు రాటకి పసుపు రాసి, ఆయన వచ్చేదాకా కాచుక్కూచునేవాళ్ళు.

లాజరుకి మాత్రం ఆ చేతికి ఒకటే అర్థం. చెప్పులు విడిచి పక్కన పెట్టేవాడు. తలెత్తి వైర్లకేసి చూసేవాడు. తర్వాత రాట మీద అయ్యగారి చెయ్యి ఉందా లేదా చూసేవాడు. చెయ్యి ఉంటే పైన కరెంటు లేనట్టు. నోరు తెరిచి అడగడం నేనెప్పుడూ వినలేదు.

తొంభైలో మే నెల తుఫాను వచ్చినప్పుడు దివిసీమ వైపు నుంచి కొట్టుకొచ్చిన జనానికి షాపులోని గుడ్డంతా తీసి కప్పు వేశారు. ముగ్గురూ పన్నెండు రోజులు ఇళ్ళకి వెళ్ళలేదు. పాడైపోయిన షామియానాల్ని కాశిం భాయి తర్వాత ఆరు నెలలు కుట్టాడు. తొంభై నాలుగులో పార్టీవాళ్ళు టికెట్టు ఇస్తామని వస్తే, నాకు ఉపన్యాసాలు రావన్నారు ఈయన. అక్కర్లేదన్నారు వాళ్ళు. నియోజకవర్గంలో ఆయన చెయ్యి పడని ఇల్లు లేదు. గెలిచారు.

గెలిచాక షాపు పెరిగింది. దాన్ని తప్పుపట్టను, పెరగాల్సిన షాపే. సభలు, శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాలు, అన్నిటికీ మా టెంట్లే. సరుగుడు రాటలు పోయి ఇరవై అడుగుల ఇనుప పైపులొచ్చాయి. తొందరగా లేస్తాయి, దూరానికి అందంగా కనపడతాయి. రాట మీద చెయ్యి వేసే పని కాశిం భాయికి వెళ్ళింది. కరెంటు తీయించే పనీ అతనిదే. కృష్ణారావు గారు రాట దగ్గరికి వచ్చేది ఫోటోలకి మాత్రమే. అప్పటికే లేచి, గట్టిగా నిలబడ్డ రాటని పట్టుకుని నవ్వేవారు.

తొంభై తొమ్మిది ఏప్రిల్లో మంచినీళ్ళ ట్యాంకు ప్రారంభానికి మంత్రి గారు వస్తున్నారు. సెప్టెంబర్లో ఎన్నికలు. ట్యాంకు ఆయన మాటిచ్చి కట్టించింది. తెల్లవారగానే కాశిం భాయి లైను తీయించి, పందిరంతా వేయించి, కుర్చీలు చాలవని ఉయ్యూరు వెళ్ళాడు. పది గంటలకి ఎమ్మెల్యే గారు నన్ను పిలిచి, మంత్రి గారు బటన్ నొక్కితే మోటారు తిరగాలి, నీళ్ళు పడాలి, పొద్దున తీసిన లైను వెంటనే ఇచ్చేయాలనీ, అప్పటిదాకా ఒక్క నిమిషం కరెంటు పోకూడదనీ సబ్‌స్టేషన్‌కి చెప్పమన్నారు. చెప్పాను. మైకు జనరేటరు మీద నడుస్తోంది. కనక ఊరికి కరెంటు వచ్చిందో లేదో పందిట్లో ఉన్నవాడికి తెలిసే దారి లేదు.

పదకొండయ్యేసరికి ఎండ ఆడవాళ్ళ వైపు తిరిగింది. కొందరు లేచి వెళ్ళిపోతున్నారు. ఎమ్మెల్యే గారు స్టేజీ మీంచి చూసి, గబగబా దిగొచ్చి, అటుపక్క ఇంకో టెంటు వేయమన్నారు. లాజరు గుంట తవ్వాడు. ఇద్దరు చెరో తాడూ పట్టుకున్నారు. అతను చెప్పులు విడిచాడు. తలెత్తి వైర్లు చూశాడు. తర్వాత ఆయనకేసి చూశాడు.

కృష్ణారావు గారు పైపు మీద అరచెయ్యి వేశారు.

"ఎత్తరా లాజరూ, ఆడోళ్ళు ఎండలో ఉన్నారు."

నేను ఆయన పక్కనే ఉన్నాను. కరెంటు ఉన్న సంగతి ఆయనకి తెలుసు, నాకూ తెలుసు. మంత్రి గారి కార్లు వంతెన దిగాయని అప్పుడే ఎవరో కేకేశారు. ఆయన చెయ్యి తీసి అటు తిరిగారు. నేనూ తిరిగాను. వెనక పెద్ద చప్పుడేమీ కాలేదు. తాళ్ళు పట్టుకున్నవాళ్ళలో ఒకడు "లాజరన్నా" అన్నాడు, మామూలుగా పిలిచినట్టే. మేం వెనక్కి తిరిగేసరికి అయిపోయింది.

ఆ సాయంత్రం ఎమ్మెల్యే గారు ఇంట్లో కుర్చీలో కూచుని కుడి అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నారు. "చెయ్యి ఎందుకేశానయ్యా?" అని నన్నడిగారు. ఐదేళ్ళుగా ఫోటోలకి వేసి వేసి ఆ చేతికి అసలు పనేమిటో మర్చిపోయారని ఇవాళయితే చెప్పగలను. అప్పుడు చెప్పలేదు. ఈలోగా పార్టీవాళ్ళు నలుగురొచ్చారు. ఎన్నికలు దగ్గరున్నాయనీ, ఎమ్మెల్యే స్వయంగా చెయ్యి వేసి ఎత్తించాడని బయటికొస్తే టికెట్టు సంగతి దేవుడెరుగు, కేసే అవుతుందనీ అన్నారు. ఆయన నాకేసి చూడకుండా, కలెక్టరాఫీసుకి పంపాల్సిన ప్రమాదం రిపోర్టు రాయమన్నారు.

రాశాను. 'మృతుడు లాజరు ఎవరికీ తెలియపరచకుండా, ఎవరి అనుమతీ లేకుండా, తన ఇష్టానుసారం ఇనుప రాటను ఎత్తినందున ప్రమాదం సంభవించినది.' ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా మాట లేకుండా రాట ఎత్తనివాడి మీద ఆ వాక్యం నా చేత్తో రాశాను. ఆయన సంతకం చేశారు. తాళ్ళు పట్టినవాళ్ళు తమ కళ్ళు పైకి ఉన్నాయనీ, కింద ఏం జరిగిందో చూడలేదనీ అన్నారు. నాలుగు రోజుల్లో ఊళ్ళో ఇంకో మాట పుట్టింది, లాజరు ఆ రోజు తాగి ఉన్నాడని. అది ఎవరు పుట్టించారో నాకు నిజంగా తెలియదు. ఎవరూ ఆపలేదని మాత్రం తెలుసు.

ప్రమాదం జరిగిన మర్నాడే పోస్టుమార్టం అయ్యి శవం బెజవాడ నుంచి వచ్చింది. కాగితంలోని మాట అప్పటికే పేటకి చేరింది. కాశిం భాయి ఎప్పటిలాగే బండి మీద టెంటు వేసుకుని పేటకి వెళ్ళాడు. లాజరు భార్య శౌరమ్మ గుమ్మంలోంచి లేచొచ్చి బండికి అడ్డంగా నిలబడింది. పొలాల్లో నాట్లు వేసే మనిషి, గట్టిగా మాట్లాడ్డం కూడా రాదు. ఆ టెంటు కింద మా ఆయన్ని పెట్టను, తీసుకుపో అన్నయ్యా అంది. చుట్టుపక్కల పది ఊళ్ళలో మాది తప్ప ఇంకో సప్లయ్ షాపు లేదు. కాశిం భాయి బండి తిప్పుకోలేక, దింపలేక అక్కడే నిలబడిపోయాడు. పాస్టరు గారు ఎండలోనే వాక్యం చదివారు. పేటంతా ఎండలోనే నిలబడింది.

ఎమ్మెల్యే గారు దండ తీసుకుని వచ్చారు. వెనక నేనున్నాను. ఆయన దండ వేయబోతుంటే శౌరమ్మ అడిగింది.

"అయ్యగారూ, ఆయన మీ చెయ్యి చూడకుండా ఎత్తడండీ. మీరు చెయ్యేశారా, లేదా?"

అందరూ విన్నారు. దండ ఆయన చేతుల్లోనే ఉండిపోయింది. కాసేపటికి వంగి శవం మీద వేసి, ఆమెకేసి చూసి, ప్రభుత్వం నుంచి రావాల్సినవన్నీ వచ్చేలా చూస్తానమ్మా అన్నారు. పదేళ్ళ కృప అమ్మ కొంగు పట్టుకుని మా ఇద్దరికేసీ మార్చి మార్చి చూసింది.

సెప్టెంబర్లో ఆయన మళ్ళీ గెలిచారు. మునుపటికంటే ఎక్కువ ఓట్లతో. ట్యాంకు నీళ్ళు ఇంటింటికీ వచ్చాయి, అబద్ధం కాదు.

రావాల్సినవన్నీ శౌరమ్మకి వచ్చాయి కూడా. పింఛను, ఇంటి స్థలం, కృపకి హాస్టల్లో సీటు. దరఖాస్తులన్నీ నేనే రాశాను. వేటినీ ఆమె కాదనలేదు, వేటికీ చల్లబడలేదు. నెలకో రెండు నెలలకో పొద్దున్నే ఎమ్మెల్యే గారింటి ముందు అర్జీలవాళ్ళ వరసలో నిలబడేది. పని ఏమిటని అడిగితే ఒక మాట కావాలనేది. లాజరు చెప్పకుండా ఎత్తలేదు, తాగి లేడు అని ఒక్క మాట, నలుగురిలో. అంతే ఆమె అర్జీ. ఆమె వరసలో ఉందని తెలిస్తే ఎమ్మెల్యే గారు వెనక పశువుల చావిడిలోంచి బయటపడి అటునుంచి జీపెక్కేవారు.

ఒకరోజు అలాగే అయ్యగారు లేరు, ఊరెళ్ళారని చెప్పాను.

"చెప్పులు ఇక్కడే ఉన్నాయి గదండీ," అంది గుమ్మం పక్కకి చూస్తూ. "చెప్పులు విడిచి పోయిన మనిషి మా ఇంట్లోనూ ఒకాయన ఉన్నాడు లెండి."

వరసలో ఉన్నవాళ్ళెవరూ నవ్వలేదు.

ఆమె ఎవరినీ కూడగట్టలేదు, ఎవరికీ చెప్పలేదు. అయినా పేటవాళ్ళు మా షాపు గుడ్డ ముట్టుకోవడం మానేశారు. పెళ్ళిళ్ళకి తాటాకు పందిళ్ళు వేసుకున్నారు. పెళ్ళికయితే ముందే తెలుస్తుంది, ఆకు కోసి ఎండబెట్టుకోవచ్చు. చావుకి ఆ వ్యవధి ఉండదు. ఆడవాళ్ళు నలుగురు చీర కొంగులు చాచి శవం మీద నీడ పట్టేవాళ్ళు. చేతులు నొప్పెడితే ఇంకో నలుగురు. కాశిం భాయి ప్రతిసారీ బండి మీద టెంటు వేసుకుని పేట మలుపు దాకా వెళ్ళి, కాసేపు నిలబడి, తిరిగొచ్చేవాడు. ఇనుప పైపులన్నీ అమ్మేసి మళ్ళీ సరుగుడు రాటలు తెప్పించాడు. నన్ను ఒక్కసారే అడిగాడు, ఆ రోజు నువ్వు పక్కనే ఉన్నావు గదా పీఏ గారూ, చూశావా అని. కార్లకేసి చూస్తున్నానని చెప్పాను. అతను సూదిలో దారం ఎక్కించుకుంటూ తలూపాడు. నమ్మాడని నేననుకోలేదు.

ఎమ్మెల్యే గారు ఆ తర్వాత ఏ రాట మీదా చెయ్యి వేయలేదు. పెళ్ళివాళ్ళు ముచ్చటపడి పిలిచినా చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడేవారు. పెద్దాయనకి గర్వం వచ్చిందన్నారు జనం. రెండువేల నాలుగులో ఓడిపోయారు. ఆ ఏడు పార్టీ అంతా ఓడింది, ఆయనొక్కడూ కాదు. మర్నాడు పొద్దున్నే షాపుకొచ్చి, కుర్చీ దులుపుకుని కూచున్నారు. కాశిం భాయి టీ తెప్పించాడు. అర్జీల వరస పోయింది కనక శౌరమ్మ రావడం మానేస్తుందనుకున్నాం. ఆమె షాపు ఎదురుగా వంతెన రెయిలింగు మీద కూచునేది. అడిగేది కాదు. పొలం నుంచి వచ్చేటప్పుడు కాసేపు కూచుని, లేచి వెళ్ళేది. ఈయన ఆ కాసేపూ పేపర్లోంచి తలెత్తేవారు కాదు.

రెండువేల ఎనిమిదిలో నియోజకవర్గాలు మళ్ళీ గీశారు. పార్టీకి మా వైపు గట్టి మనిషి లేడు. ఈయన పేరు మళ్ళీ పైకొచ్చింది. మే నెల్లో హైదరాబాదు నుంచి పార్టీ పరిశీలకుడు వస్తున్నాడనీ, మధ్యాహ్నం పన్నెండింటికి ఇంటికే వచ్చి మాట్లాడతాడనీ కబురొచ్చింది. అరవై రెండేళ్ళ మనిషి ఆ వారం రోజులూ కుర్రాడిలా తిరిగారు. ఇల్లు సున్నం వేయించారు. నాకు కొత్త ఫైలు కొనిపెట్టారు.

ఆ రోజు పదకొండింటికి పరిశీలకుడు ముందుగానే దిగాడు. హాల్లో ఫ్యాను కింద కూచోబెట్టి మజ్జిగ ఇచ్చాం. కుల లెక్కలు, మండలాల లెక్కలు అడుగుతున్నాడు, నేను చదువుతున్నాను. కాశిం భాయి గుమ్మంలోకి వచ్చాడు. ఎప్పుడూ ముందు గుమ్మంలోంచి వచ్చేవాడు కాదు.

శౌరమ్మ పోయిందని చెప్పాడు. బెజవాడ ఆస్పత్రిలో, కృప నర్సు ట్రైనింగు అవుతున్న చోటే. కామెర్లు ముదిరాయట. పొద్దున్నే తీసుకొచ్చారు.

"సాయంత్రం వెళ్దాం కాశిం," అన్నారు ఈయన మెల్లిగా, హాల్లో ఉన్న మనిషికేసి కళ్ళు తిప్పి.

"తొమ్మిదేళ్ళుగా పేటలో పోయినవాళ్ళందరూ ఎండలోనే పడుకున్నారు కృష్ణారావ్. నేను టెంటు మలుపు దాకా తీసుకెళ్తున్నా, తీసుకొస్తున్నా. ఇవాళ తీసుకురాను. నాకు ఓపిక లేదు."

ఎమ్మెల్యే అయినప్పట్నించీ కాశిం భాయి ఆయన్ని పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. ఆయన కుర్చీలోంచి లేవడానికి రెండు చేతులూ ఆనించాల్సి వచ్చింది. పరిశీలకుడితో ఐదు నిమిషాలండీ అన్నారు. నన్ను కూడా రమ్మన్నారు. ఇద్దరం చావిడి వైపు కాకుండా ముందు గుమ్మంలోంచే దిగాం.

షాపు దగ్గర ఆగి, మోపులోంచి ఒక సరుగుడు రాట తీసి తనే భుజాన వేసుకున్నారు. నేను పట్టుకోబోతే వద్దన్నారు. వంతెన దిగి పేట దాకా, మధ్యాహ్నపు ఎండలో, రెండుసార్లు భుజం మార్చుకుంటూ నడిచారు. టెంటు బండి వెనకే వచ్చింది. దారిలో ఒకరిద్దరు అడ్డొచ్చి మేం మోస్తామన్నారు. ఆయన ఇవ్వకపోతే వెనక నడిచారు. పేటకి చేరేసరికి యాభై మంది దాకా అయ్యాం.

శవం ఇంటి ముందు మంచం మీద ఉంది. నలుగురు ఆడవాళ్ళు ఒక పాత చీరని నాలుగు చెంగులూ పట్టి నీడ పెడుతున్నారు. కృప తలవైపు కూచుని ఉంది. పొడుగ్గా ఎదిగింది, తండ్రి పోలిక. ఈయన రాట దింపి, దాని మీద చెయ్యి పడకుండా భుజానికి ఆనించి నిలబెట్టుకున్నారు.

"కృపమ్మా, టెంటు వేయనియ్యమ్మా. ఎండ ఎక్కువుంది."

"మా అమ్మ అడిగినదానికి జవాబు చెప్పి వేసుకోండి." ఆ పిల్ల గొంతులో కోపం లేదు. ఆస్పత్రిలో రోగితో మాట్లాడినట్టు నిదానంగా ఉంది.

"అమ్మ ఉన్నప్పుడు చెప్పాల్సింది."

"అవునండీ. ఇప్పుడు అమ్మకి వినపడదు. వీళ్ళందరికీ వినపడుద్ది. చెప్పండి."

ఆయన చుట్టూ చూశారు. పేటవాళ్ళు, ఊరివాళ్ళు, ఆ రోజు తాళ్ళు పట్టిన ఇద్దరిలో ఒకడు, లోకల్ చానల్ కెమెరా అతను. ఆయనకి ఉపన్యాసాలు రావని పధ్నాలుగేళ్ళ కింద ఆయనే అన్నారు. ఆ రోజు కూడా రాలేదు. ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పారు.

"ఆ రోజు చెయ్యేశాను. కరెంటు ఉందని నాకు తెలుసు. పొద్దున్న నేనే ఉంచమన్నా. తెలిసీ, బుర్రలో మంత్రి ఉండి, చెయ్యేశా. లాజరు నా చెయ్యి చూసి ఎత్తాడు. చెప్పకుండా ఎత్తలేదు. తాగి లేడు. కాగితం మీద అబద్ధం చెప్పా."

చీర పట్టుకున్న ఆడవాళ్ళు చేతులు మార్చుకున్నారు. తొమ్మిదేళ్ళు మింగిన మాట బయటికి రావడానికి అంత కష్టపడుతుందని అనుకోలేదు.

"ఆ కాగితం రాసింది నేనమ్మా," అన్నాను. "నేనూ చూశాను."

"తెలుసండీ," అంది కృప. "అమ్మ కలెక్టరాఫీసు నుంచి ఆ కాగితం నకలు తెచ్చుకుంది. మా పింఛను దరఖాస్తు మీదా అదే చేతిరాత. రెండూ పక్కపక్కన పెట్టి చూపించేది నాకు."

శౌరమ్మకి చదువు రాదు. అక్షరాలు చదవలేని మనిషి, వాటి వంపులు చూసి నన్ను పట్టుకుంది. పట్టుకుని, తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా నా మొహాన అనలేదు. నేను రాసిపెట్టిన ప్రతి దరఖాస్తుకీ దణ్ణం పెట్టి వెళ్ళింది.

కృప లేచి, మంచం చుట్టూ తిరిగి వచ్చి, వైర్లకేసి చూసింది. చర్చి స్తంభం నుంచి ఇంటి మీదుగా లైను వెళ్తోంది.

"అది ఉందో లేదో ముందు చూసిరండి," అంది.

రాట ఇనుముది కాదు, సరుగుడుదే, అయినా ఎవరూ ఆ మాట అనలేదు. ఈయన నాకేసి చూశారు. ఎవరిదో స్కూటరు తీసుకుని సబ్‌స్టేషన్‌కి వెళ్ళాను. లైను ఆపితే రిజిస్టర్లో కారణం రాయాలి. ఆపరేటరు పెన్ను నాకిచ్చాడు. 'లాజరు గారి భార్య శౌరమ్మ గారి ఇంటి ముందు టెంటు' అని రాసి, కింద నా పేరు రాశాను. మీట దించారు. ఊరు మొత్తానికి కరెంటు పోయింది. తిరిగి వస్తుంటే జనం ఇళ్ళలోంచి విసనకర్రలతో బయటికొచ్చి ఏమైందని అడుగుతున్నారు. చెప్పాను, ఆగి ఆగి, అడిగిన ప్రతివాళ్ళకీ.

తర్వాత తెలిసింది, హాల్లో ఫ్యాను ఆగిపోయాక పరిశీలకుడు పావుగంట చెమటలు కక్కుతూ కూచున్నాడట. ఎవరో వచ్చి పేటలో జరిగింది చెప్పారట. ఫైలు మూసి, కారెక్కి వెళ్ళిపోయాడు. టికెట్టు ఇంకొకరికి వెళ్ళింది. కేసు తిరగదోడమని ఎదుటి పార్టీవాళ్ళు పెట్టిన అర్జీ ఇప్పటికీ నడుస్తోంది. ఆ వాయిదాలకి ఇద్దరం ఒకే బస్సులో వెళ్ళొస్తున్నాం.

నేను పేటకి చేరేసరికి గుంట తవ్వడం అయిపోయింది. లాజరు గునపాన్ని కాశిం భాయి ఇన్నేళ్ళూ షాపులో దాచాడని అప్పుడే చూశాను. ఒక్కరూ రాటని ముట్టుకోలేదు. అందరూ నాకోసం చూస్తున్నారు.

"తీశారు," అన్నాను.

కృష్ణారావు గారు చెప్పులు విడిచారు. తలెత్తి వైర్లు చూశారు. రాట మీద అరచెయ్యి వేశారు. ఎత్తమనడానికి నోరు తెరిచి, అనలేక, కృపకేసి చూశారు.

"ఎత్తండి," అంది ఆ పిల్ల.

రాట లేచింది. నిట్టనిలువుగా నిలబడి, గుంటలో మట్టి పోసి, నలుగురూ చుట్టూ తొక్కి గట్టిపరిచి, కాశిం భాయి పైన గుడ్డ లాగి కట్టేదాకా ఆయన చెయ్యి తియ్యలేదు. నీడ మెల్లగా జరిగి ముందు మంచం మీదకి, తర్వాత చీర పట్టుకున్న ఆడవాళ్ళ మీదకి వచ్చింది. వాళ్ళు చేతులు దించారు.